రెండు డిజిటల్ సంఖ్యలను గుణించి వోల్టేజీగా ఇచ్చే సర్క్యూట్: బ్రెడ్‌బోర్డు మీద ఎలా కట్టాలి

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు డిప్లొమా, బీటెక్ ఈసీఈ పిల్లలు ఒకటే అడుగుతుంటారు: "అన్నా, రెండు సంఖ్యలు డిజిటల్‌గా ఇస్తే వాటి లబ్ధం అనలాగ్ వోల్టేజీగా రావాలె, సర్క్యూట్ అయితే కట్టినం, మీటరుల ఏదో వస్తుంది గానీ లెక్క కుదరడం లేదు." ఒక్కొక్కరికి ఫోన్లో విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. వరస తప్పకుండా చేయండి. ఈ సర్క్యూట్ పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే, రెండు దశలనూ ఒకేసారి కట్టేసి చివర్లో మీటరు పెట్టడం. మొదటి దశ కట్టి, కొలిచి, అది సరిగ్గా ఉందని తేలాకే రెండో దశ ముట్టుకోండి.

మనం వాడేది డీఏసీ (డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్) 0808. మీ కాలేజీ ల్యాబులో దీనికే ఎంసీ 1408 అనే పేరుతో ఐసీ ఉండొచ్చు, పనితీరు, పిన్‌లు రెండింటికీ ఒకటే. అది దొరక్కపోతే ఎంసీపీ 4922తో ఇంకా తేలిగ్గా చేసే దారి చివర్లో ఉంది.

థియరీ, కావాల్సినంత వరకే

డీఏసీ అంటే మనం ఆధారంగా ఇచ్చే రిఫరెన్స్ వోల్టేజీలో మీరిచ్చిన సంఖ్య మేరకు వాటా కోసి బయటికి ఇచ్చేది. 8 బిట్ల డీఏసీకి 128 ఇస్తే 128 ÷ 256, అంటే రిఫరెన్స్‌లో సగం వస్తుంది. ఆ వచ్చిన సగాన్ని రెండో డీఏసీకి రిఫరెన్స్‌గా పెట్టి దానికీ 128 ఇస్తే సగంలో సగం, పావు వంతు. సాగర్ ఎడమ కాలువలోంచి మేజరుకు కొంత వాటా, ఆ మేజరులోంచి మైనరుకు కొంత వాటా వదిలినట్టే. వాటాలో వాటా అంటే గుణకారమే. సూత్రం ఇంతే:

ఔట్‌పుట్ = రిఫరెన్స్ × (మొదటి సంఖ్య ÷ 256) × (రెండో సంఖ్య ÷ 256)

"రెండు సంఖ్యలూ ఆర్డుయినోలోనే ఉన్నప్పుడు అక్కడే గుణించి ఒక్క డీఏసీకి పంపితే సరిపోదా?" అని కొందరు అడుగుతారు, వైవాలో సార్లు కూడా అడుగుతారు. నిజమే, సరిపోతుంది. ఈ సర్క్యూట్ అసలు ఉపయోగం మొదటి విలువ సంఖ్యగా కాకుండా బయటి నుంచి వచ్చే నిజమైన వోల్టేజీ అయినప్పుడు తెలుస్తుంది. సెన్సర్ నుంచో ఇంకో సర్క్యూట్ నుంచో వచ్చే సిగ్నల్‌ని రిఫరెన్స్‌గా పెట్టి, దాన్ని ఎంత తగ్గించాలో డిజిటల్‌గా చెప్పొచ్చు. వైవాలో ఈ జవాబు చెప్పండి.

ఏమేం కావాలి

- డీఏసీ 0808 ఐసీలు 2. డబ్బులకు ఇబ్బంది లేకపోతే 3 కొనండి, ఒకటి చేతిలో ఉండాలి
- టీఎల్ 072 ఆప్ ఆంప్ 1, డీఏసీ ఇచ్చే కరెంటును వోల్టేజీగా మార్చడానికి. ఇందులో రెండు ఆప్ ఆంప్‌లు ఉంటాయి. ఎల్ఎం 358 కూడా పనికొస్తుంది, పిన్‌లు అవే
- 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఓ పది, 1 శాతం మెటల్ ఫిల్మ్‌వే
- 3.9 కిలో ఓమ్‌ల రెసిస్టర్ 1, 1 కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) 1
- 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు (0.1 మైక్రోఫారడ్) ఓ ఎనిమిది
- 22 లేదా 33 పీకోఫారడ్ కెపాసిటర్లు 2
- 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ 1, టెస్టింగ్ కోసం
- ఆర్డుయినో ఊనో, యూఎస్‌బీ కేబుల్
- 9 వోల్టుల బ్యాటరీలు 2, క్లిప్‌లతో సహా
- బ్రెడ్‌బోర్డు పెద్దది 1, గట్టి జంపర్ వైర్లు, డిజిటల్ మల్టీమీటర్

రెసిస్టర్లు, కెపాసిటర్లు, బ్యాటరీలు మన టౌన్లలో టీవీ, ఆంప్లిఫయర్ రిపేరు చేసే షాపుల్లోనే అడిగి చూడండి. డీఏసీ 0808 కోసం మాత్రం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోవాల్సి రావచ్చు. ఎంజీబీఎస్‌లో బస్సు దిగితే దగ్గరే. ఆన్‌లైన్లో తెప్పిస్తే వచ్చిన రోజే ఒక్కో ఐసీని కింద చెప్పిన 3, 4 స్టెప్పుల్లో విడిగా టెస్ట్ చేయండి. పై పేరు చెరిపి వేరే పేరు ముద్రించిన ఐసీలు కూడా మార్కెట్లో తిరుగుతుంటాయి, సబ్మిషన్ ముందురోజు ఆ సంగతి బయటపడితే ఆ టెన్షన్ వేరు.

4.7 కిలో ఓమ్‌లవి పది కొనమన్నది ఊరికే కాదు. ఒక్కొక్కటీ మీటరుతో కొలిచి, దగ్గర దగ్గర విలువలున్న మూడింటిని పక్కన పెట్టుకోండి. ఇక్కడ విలువ సరిగ్గా 4.7 ఉందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు, ఒకదానికొకటి సమానంగా ఉండాలి. 5 శాతం రెసిస్టర్లు పెడితే ఒక్కో దశలో తేడా వచ్చి, రెండు దశలు కలిసేసరికి ఆ తేడాలు కూడా గుణించుకుంటాయి.

స్టెప్ 1: పవర్ సప్లై

డీఏసీ 0808కి నెగటివ్ సప్లై తప్పనిసరి. ఆర్డుయినో 5 వోల్టులు ఒక్కటే ఇచ్చి "రావడం లేదు" అనేవాళ్లు చాలామంది.

రెండు బ్యాటరీలు తీసుకోండి. మొదటి దాని మైనస్, రెండో దాని ప్లస్ కలపండి, ఆ కలిసిన చోటే గ్రౌండ్. మొదటి దాని ప్లస్ +9, రెండో దాని మైనస్ −9. ఆర్డుయినో గ్రౌండ్‌ను కూడా ఈ గ్రౌండ్‌కే కలపాలి. అది కలపకపోతే మీటరు రీడింగులు గాలిలో తేలుతున్నట్టు ఇష్టం వచ్చినట్టు మారుతుంటాయి.

ఇప్పుడే మీటరు పెట్టి చూడండి. నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద ఉంచి ఎర్రదాన్ని రెండు లైన్ల మీదా పెడితే ఒకచోట +9 దగ్గర, ఇంకోచోట −9 దగ్గర రావాలి. పెద్ద బ్రెడ్‌బోర్డుల్లో పక్కనుండే పవర్ లైన్ సగంలో తెగి ఉంటుంది, మధ్యలో జంపర్ వేయండి.

ట్రాన్స్‌ఫార్మర్‌తో సప్లై కట్టాలనుకునేవాళ్లు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్లు రెండు, 7812, 7912 (+12, −12 వోల్టుల రెగ్యులేటర్లు) వాడండి. 25 వోల్టుల కెపాసిటర్ వద్దు. ఊళ్లలో కరెంటు ఒక్కోసారి 230 దాటి పోతుంది, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఔట్‌పుట్ కూడా పెరుగుతుంది. ఇంకో జాగ్రత్త, 7812కి వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్ అయితే, 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, ఔట్‌పుట్. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకేలా కట్టేస్తారు, పవర్ ఇవ్వగానే వేడెక్కిపోతుంది. 7912 వెనకుండే లోహపు రేకు దాని ఇన్‌పుట్‌కే కలిసి ఉంటుంది, గ్రౌండ్‌కు కాదు, కాబట్టి రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు బిగించొద్దు. మెయిన్స్ వైరింగ్ అలవాటు లేకపోతే బ్యాటరీలతోనే చేయండి, డెమోకు అవి చాలు.

స్టెప్ 2: మొదటి డీఏసీ 0808 కట్టడం

ఐసీ గాటు ఎడమవైపు ఉండేలా పట్టుకుంటే కింది వరసలో ఎడమ చివర పిన్ 1, అక్కడి నుంచి కుడివైపు లెక్కపెట్టుకుంటూ పోయి 8 దాకా, ఆ తర్వాత పైవరసలో కుడి నుంచి ఎడమకు 9 నుంచి 16.

- పిన్ 1: దేనికీ కలపొద్దు
- పిన్ 2: గ్రౌండ్
- పిన్ 3: −9 వోల్టులు
- పిన్ 4: ఔట్‌పుట్ కరెంటు, ఆప్ ఆంప్‌కు పోతుంది
- పిన్ 5 నుంచి 12: ఎనిమిది బిట్లు
- పిన్ 13: ఆర్డుయినో నుంచి +5 వోల్టులు
- పిన్ 14: 4.7 కిలో ఓమ్‌ల ద్వారా రిఫరెన్స్‌కు (ఇప్పటికి ఆర్డుయినో 5 వోల్టులే)
- పిన్ 15: 4.7 కిలో ఓమ్‌ల ద్వారా గ్రౌండ్‌కు
- పిన్ 16: 104 కెపాసిటర్ ద్వారా పిన్ 3కి

పిన్ 16 కెపాసిటర్ రెండో కాలు గ్రౌండ్‌కు కాదు, పిన్ 3కే. పిన్ 13 నుంచి గ్రౌండ్‌కు ఒకటి, పిన్ 3 నుంచి గ్రౌండ్‌కు ఒకటి ఇంకో రెండు 104లు ఐసీకి ఆనుకుని పెట్టండి.

బిట్ల దగ్గరే అసలు గొడవ. డేటాషీట్‌లో పిన్ 5 పేరు ఏ1, పిన్ 12 పేరు ఏ8. ఏ1 అని ఉంది కదా అని దాన్ని చిన్న బిట్ అనుకుంటారు. కాదు, ఏ1 అంటే పెద్ద బిట్, 128 విలువది. ఏ8 అన్నిటికన్నా చిన్నది, దాని విలువ 1. కాబట్టి ఆర్డుయినో ప్రోగ్రాములో 7వ బిట్ పిన్ 5కి, 0వ బిట్ పిన్ 12కి పోవాలి. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి బోర్డు పక్కన పెట్టుకోండి.

ఇక ఆప్ ఆంప్. టీఎల్ 072లో పిన్ 8కి +9, పిన్ 4కి −9. మొదటి ఆప్ ఆంప్ పిన్ 3 గ్రౌండ్‌కు, పిన్ 2 డీఏసీ పిన్ 4కి, పిన్ 1కీ పిన్ 2కీ మధ్య 4.7 కిలో ఓమ్‌లు (ఇదే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్), దానికి సమాంతరంగా 22 పీకోఫారడ్. పిన్ 1 మన మొదటి దశ ఔట్‌పుట్. కరెంటు డీఏసీ లోపలికి పోతుంది కాబట్టి ఔట్‌పుట్ పాజిటివ్‌గానే వస్తుంది, దాన్ని తిప్పడానికి ఇంకో ఆప్ ఆంప్ అక్కర్లేదు.

రిఫరెన్స్ రెసిస్టరుకూ ఈ ఫీడ్‌బ్యాక్ రెసిస్టరుకూ మీరు ఏరిపెట్టుకున్న సమానమైనవి వాడండి. పిన్ 15 దగ్గర ఏదైనా పర్వాలేదు.

స్టెప్ 3: ఆర్డుయినో లేకుండా ఒకసారి

నేరుగా ప్రోగ్రాములోకి పోకండి. ముందు ఎనిమిది బిట్లనూ వైర్లతో గ్రౌండ్‌కు కలపండి, ఔట్‌పుట్ సున్నా దగ్గర ఉండాలి, ఐదారు మిల్లీవోల్టులు అటూ ఇటూ ఉన్నా తప్పు లేదు. ఇప్పుడు పిన్ 5 ఒక్కటి తీసి 5 వోల్టులకు కలపండి. 2.5 వోల్టుల దగ్గర రావాలి. దాన్ని మళ్లీ గ్రౌండ్ చేసి పిన్ 6ను 5 వోల్టులకు కలిపితే 1.25, పిన్ 7 అయితే 0.625, ఇలా ప్రతిసారీ సగం అవుతూ పిన్ 12 దగ్గర 19 లేదా 20 మిల్లీవోల్టులు.

ఏ బిట్‌నూ గాలిలో వదిలేయొద్దు. వైరు ఊడిన బిట్ ఒకసారి 1గా, ఒకసారి 0గా కనబడి మిమ్మల్ని గంటలకొద్దీ తిప్పుతుంది. ఆర్డుయినో లేనివాళ్లు మొత్తం ప్రాజెక్టునే డిప్ స్విచ్‌లతో చేయొచ్చు, ప్రతి బిట్‌కూ గ్రౌండ్‌కు 1 కిలో ఓమ్ పెట్టి, స్విచ్ వేస్తే 5 వోల్టులు చేరేలా కలపాలి.

లెక్క రాకపోతే మీటరుతో ఈ రెండు చోట్ల చూడండి:

డీఏసీ పిన్ 14 దగ్గర సున్నా వోల్టులు ఉండాలి, 5 కాదు. ఎందుకంటే 5 వోల్టులూ ఆ 4.7 కిలో ఓమ్‌ల మీదే పడాలి. సున్నా దగ్గర లేకపోతే −9 పిన్ 3 దాకా చేరలేదేమో చూడండి.

డీఏసీ పిన్ 4 దగ్గరా సున్నా ఉండాలి. లేకపోతే తప్పు ఆప్ ఆంప్ వైపు ఉంది. పిన్ 2, పిన్ 3 తారుమారయ్యాయా, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక రంధ్రం పక్కన దిగిందా చూడండి. ఔట్‌పుట్ +8 దగ్గరో −8 దగ్గరో అతుక్కుపోయి సంఖ్య మార్చినా కదలకపోతే అది కూడా ఇక్కడి తప్పే.

స్టెప్ 4: రెండో దశ, మొదటి దానికి కలపకుండానే

రెండో డీఏసీని కూడా అచ్చం అలాగే కట్టండి, ఆప్ ఆంప్ మాత్రం రెండోది: పిన్ 5 గ్రౌండ్‌కు, పిన్ 6 డీఏసీ పిన్ 4కి, ఔట్‌పుట్ పిన్ 7. ఫీడ్‌బ్యాక్‌లో 4.7 బదులు 3.9 కిలో ఓమ్‌లూ 1 కిలో ఓమ్ ప్రీసెట్టూ వరసగా పెట్టండి. మొత్తం సర్క్యూట్‌లో మిగిలిన తేడాలన్నీ ఈ ఒక్క ప్రీసెట్‌తో సరిచేస్తాం. 22 పీకోఫారడ్ ఆ రెండింటి మీదుగా.

దీని రిఫరెన్స్‌ను ఇంకా మొదటి దశకు కలపొద్దు. పొటెన్షియోమీటర్ ఒక చివర 5 వోల్టులకు, ఇంకో చివర గ్రౌండ్‌కు పెట్టి, మధ్య కాలును పిన్ 14కు పోయే 4.7 కిలో ఓమ్‌లకు ఇవ్వండి. పిన్ 5 ఒక్కటే 5 వోల్టులకు, మిగతా బిట్లు గ్రౌండ్‌కు. ఇప్పుడు పొటెన్షియోమీటర్ తిప్పుతుంటే దాని మధ్య కాలు దగ్గర ఎంత ఉంటే ఔట్‌పుట్‌లో దాదాపు దాంట్లో సగం రావాలి. 4 వోల్టులకు 2, 2 వోల్టులకు 1. ప్రీసెట్ ఇంకా సరిచేయలేదు కాబట్టి కాస్త తేడా ఉంటుంది, ఉండనివ్వండి. ఇలా వస్తే రెండో డీఏసీ గుణిస్తోందన్నమాట. పొటెన్షియోమీటర్ తిప్పినా కదలకపోతే తప్పు ఈ దశలోనే ఉంది, మొదటి దశను అనుమానించనక్కర్లేదు.

స్టెప్ 5: రెండూ కలపడం

పవర్ తీసేయండి. పొటెన్షియోమీటర్ తీసేసి, టీఎల్ 072 పిన్ 1ను రెండో డీఏసీ రిఫరెన్స్ రెసిస్టరుకు కలపండి. గమనించండి, కలపాల్సింది ఆప్ ఆంప్ ఔట్‌పుట్. డీఏసీ పిన్ 4నే నేరుగా రెండో డీఏసీకి కలిపితే పని చేయదు, అక్కడ వచ్చేది లోపలికి లాగే కరెంటు, వోల్టేజీ కాదు.

స్టెప్ 6: ఆర్డుయినో

16 లైన్లు కావాలి. 0, 1 పిన్‌లు సీరియల్‌కు వదిలేయండి. మొదటి సంఖ్యకు డిజిటల్ 2 నుంచి 9 వరకు. రెండో సంఖ్యకు 10 నుంచి 13 వరకు, ఆ తర్వాత అనలాగ్ పిన్‌లు 0 నుంచి 3 వరకు, వాటిని కూడా డిజిటల్ ఔట్‌పుట్‌గా వాడుకోవచ్చు. ప్రోగ్రాములో చేయాల్సింది తక్కువే: 16 పిన్‌లనూ ఔట్‌పుట్‌గా పెట్టాలి, సీరియల్ మానిటర్ నుంచి రెండు సంఖ్యలు చదవాలి, ఒక్కో సంఖ్యలోని ఒక్కో బిట్‌ను దాని పిన్ మీద రాయాలి, తర్వాత సూత్రం ప్రకారం రావాల్సిన వోల్టేజీని లెక్కగట్టి మానిటర్‌లో చూపించాలి. ఆ చివరి లైను మర్చిపోవద్దు, మీటరు పక్కనే రావాల్సిన విలువ కనబడుతుంటే తప్పు వెంటనే తెలిసిపోతుంది.

వైర్లు ఎక్కువనిపిస్తే 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్ ఐసీలు (ఒక్కో బిట్ వరసగా తీసుకుని ఎనిమిదీ ఒకేసారి బయట పెట్టేవి) రెండు వరసగా కలిపి మూడు లైన్లతోనే 16 బిట్లు పంపొచ్చు. నాకైతే ఇదే నచ్చుతుంది, ఎందుకంటే లాచ్ ఇవ్వగానే అన్ని బిట్లూ ఒకేసారి మారతాయి. ఒక్కో పిన్ విడివిడిగా రాస్తే బిట్లు ఒకదాని తర్వాత ఒకటి మారి, 127 నుంచి 128కి పోయేటప్పుడు మధ్యలో ఒక పిచ్చి విలువ వచ్చిపోతుంది. మీటరులో అది కనబడదు, ఆసిలోస్కోప్‌లో ముల్లులా కనబడుతుంది.

స్టెప్ 7: సరిచేయడం

ముందు ఆర్డుయినో 5 వోల్టుల పిన్‌ను మీటరుతో కొలవండి. యూఎస్‌బీ నుంచి వచ్చేది సరిగ్గా 5 ఉండదు, 4.8 ఉన్నా ఆశ్చర్యం లేదు. మీ లెక్కలన్నిట్లో 5 బదులు ఆ కొలిచిన విలువే వాడాలి. "అన్నా, నాలుగు శాతం తక్కువొస్తుంది" అని అడిగినవాళ్లలో చాలామందికి జవాబు ఇదే.

రెండు సంఖ్యలూ 255 పెట్టండి. రిఫరెన్స్ 5.00 అయితే 4.961 రావాలి. 5.00 కాదు, 255ను 256తో భాగిస్తున్నాం కదా. మీ రిఫరెన్స్ 4.82 అయితే 4.782. ప్రీసెట్ తిప్పి ఆ విలువకు తెచ్చి వదిలేయండి. మళ్లీ దాన్ని ముట్టుకోవద్దు.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు ఒక విలువ, తీసినప్పుడు ఒక విలువ వస్తుంటే రిఫరెన్స్ కదులుతోందని అర్థం. అప్పుడు నిలకడైన రిఫరెన్స్ ఇచ్చే టీఎల్ 431 పెట్టుకోండి. దాని రిఫరెన్స్ కాలునూ కాథోడ్‌నూ కలిపేసి, ఆనోడ్ గ్రౌండ్‌కు ఇచ్చి, 5 వోల్టుల నుంచి 680 ఓమ్‌ల ద్వారా కరెంటు ఇస్తే కాథోడ్ దగ్గర 2.5 వోల్టులు నిలకడగా ఉంటాయి. ఔట్‌పుట్ మొత్తం సగానికి తగ్గుతుంది, అంతే.

స్టెప్ 8: సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

0, 255లతో మాత్రమే చూసి "వచ్చింది" అనేసి బోర్డు సర్దేయకండి. 255 అంటే అన్ని బిట్లూ 1, 0 అంటే అన్నీ 0, బిట్లు తలకిందులుగా కట్టినా ఆ రెండూ సరిగ్గానే వస్తాయి. 129, 24 లాంటివి కూడా అంతే, వాటి బిట్లు ఎటు నుంచి చదివినా ఒకటే. తప్పును బయటపెట్టే సంఖ్యలతో చూడాలి. రిఫరెన్స్ 5.00 అనుకుంటే:

- 128, 128: 1.250 వోల్టులు
- 128, 255: 2.490
- 64, 192: 0.938
- 200, 100: 1.526
- 100, 200: మళ్లీ 1.526
- 255, 0: సున్నా
- 0, 255: సున్నా

20 మిల్లీవోల్టుల లోపు తేడా ఉంటే మీ సర్క్యూట్ బాగున్నట్టే.

200, 100ల జత చాలా పనికొస్తుంది. సంఖ్యలు తారుమారు చేసినా లబ్ధం మారకూడదు. రెండో డీఏసీ బిట్లు మాత్రమే తలకిందులైతే 200, 100కు 0.58 దగ్గర, 100, 200కు 0.145 దగ్గర వస్తాయి. అంటే తారుమారు చేయగానే విలువ మారింది, కాబట్టి ఒక డీఏసీ తప్పు, ఇంకోటి సరి. రెండూ తలకిందులుగా కట్టి ఉంటే రెండుసార్లూ 0.055 వస్తుంది. విలువ మారలేదని సంతోషపడకుండా 1.526తో పోల్చి చూడండి.

చివరి రెండూ సున్నా ఎలా ఉన్నాయో చెబుతాయి. 255, 0 దగ్గర మిగిలే మిల్లీవోల్టులు రెండో ఆప్ ఆంప్ ఆఫ్‌సెట్, అంటే సున్నా రావాల్సిన చోట మిగిలే చిన్న వోల్టేజీ. 0, 255 దగ్గర మిగిలేదాంట్లో మొదటి దశ ఆఫ్‌సెట్ కూడా కలుస్తుంది. కాబట్టి మొదటిది బాగుండి రెండోది ఎక్కువుంటే టీఎల్ 072 పిన్ 1 దగ్గర కొలవండి, దొంగ అక్కడే దొరుకుతాడు.

చిన్న సంఖ్యల గురించి ఒక మాట. 10, 10 ఇస్తే 7.6 మిల్లీవోల్టులు రావాలి. 25, 4 ఇచ్చినా అంతే. కానీ ఆఫ్‌సెట్టే అంత ఉండొచ్చు కాబట్టి ఇక్కడ లెక్క కుదరదు. 256 × 256 అంటే 65536 మెట్లు కదా, 16 బిట్ల ఖచ్చితత్వం వస్తుందని రిపోర్టులో రాయకండి. రెండూ 8 బిట్ల ఐసీలే, ఖచ్చితత్వం ఆ 8 బిట్ల దగ్గరే ఆగుతుంది. డెమోలో పెద్ద సంఖ్యలు చూపించండి, చిన్న సంఖ్యల దగ్గర తేడా ఎందుకొస్తుందో అడిగితే చెప్పండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయి, చేయి తగిలితే మాత్రం విలువ మారుతోందంటే బ్రెడ్‌బోర్డు కాంటాక్టులు చూడండి. ఏళ్ల తరబడి ల్యాబులో తిరిగిన బోర్డుల్లో స్ప్రింగులు వదులైపోతాయి. పిన్ 14, పిన్ 4 దగ్గరి వైర్లు ఒకసారి పీకి వేరే రంధ్రంలో పెట్టండి. బ్యాటరీలు కూడా కొలవండి, 7 వోల్టుల కిందకు వచ్చాయంటే మార్చేయండి.

డీఏసీ 0808 దొరకనివాళ్లకు: ఎంసీపీ 4922

ఇందులో 12 బిట్ల డీఏసీలు రెండు ఒకే ఐసీలో ఉంటాయి, నెగటివ్ సప్లై అక్కర్లేదు, ఆప్ ఆంప్ కూడా అక్కర్లేదు. పిన్ 1కి 5 వోల్టులు, పిన్ 12 గ్రౌండ్‌కు. పిన్ 8 గ్రౌండ్‌కు, పిన్ 9 5 వోల్టులకు. పిన్ 3 ఆర్డుయినో 10కి, పిన్ 4 ఆర్డుయినో 13కి, పిన్ 5 ఆర్డుయినో 11కి. పిన్ 13 మొదటి డీఏసీ రిఫరెన్స్, అది 5 వోల్టులకు. అసలు కిటుకు ఒక్క వైరులో ఉంది: పిన్ 14 (మొదటి డీఏసీ ఔట్‌పుట్) నుంచి పిన్ 11 (రెండో డీఏసీ రిఫరెన్స్) కు. పిన్ 10 దగ్గర లబ్ధం వస్తుంది. పిన్ 1కీ గ్రౌండ్‌కూ మధ్య ఒక 104 మర్చిపోవద్దు.

ఎస్‌పీఐలో (ఆర్డుయినో నుంచి ఐసీకి బిట్లు వరసగా పంపే పద్ధతి) ఒక్కోసారి 16 బిట్లు పంపాలి. మొదటి డీఏసీకి మీ సంఖ్యకు 12288 కలిపి, రెండో దానికి మీ సంఖ్యకు 45056 కలిపి పంపండి. సంఖ్య 0 నుంచి 4095 దాకా ఉండొచ్చు. ఈ కలిపే సంఖ్యల్లోనే ఏ డీఏసీ, గెయిన్ ఎంత, ఆన్‌లో ఉండాలా అన్న బిట్లున్నాయి. గెయిన్ బిట్ తప్పితే ఔట్‌పుట్ రెట్టింపై 5 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, ఆన్ బిట్ తప్పితే ఏమీ రాదు. సూత్రంలో 256 బదులు 4096 వేసుకోండి. 2048, 2048 ఇస్తే 1.25 వోల్టులు, 3000, 1000 ఇస్తే 0.894, 1000, 3000 ఇచ్చినా అదే. సింగిల్ సప్లై కాబట్టి ఔట్‌పుట్ పూర్తిగా సున్నాకు దిగదు, ఓ 10 మిల్లీవోల్టులు మిగలొచ్చు, అది తప్పు కాదు.

పని త్వరగా అయిపోవాలంటే ఇదే తేలిక. సర్క్యూట్ లోపల ఏం జరుగుతుందో ఒక్కో పిన్ దగ్గర కొలిచి నేర్చుకోవాలంటే మాత్రం 0808తో చేయమనే చెబుతాను.

బయటి సిగ్నల్‌ను గుణించాలంటే

మొదటి దశ తీసేసి, 4వ స్టెప్పులో పొటెన్షియోమీటర్ పెట్టిన చోట మీ సెన్సర్ వోల్టేజీ ఇవ్వండి. 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉండాలి. నెగటివ్‌కు పోయే సిగ్నల్, ఉదాహరణకు ఆడియో, ఈ కనెక్షన్‌లో నేరుగా ఇస్తే కింది సగం తెగిపోతుంది. దానికి ముందే డీసీ కలిపి పైకి లేపాలి, లేదంటే రిఫరెన్స్ రెండు వైపులా ఒప్పుకునే డీఏసీ 0832 లాంటిది తీసుకోవాలి. సిగ్నల్ వేగంగా మారేదైతే పిన్ 16 దగ్గర 104 తీసేసి 100 పీకోఫారడ్ పెట్టండి. 104 ఉంటే లోపలి రిఫరెన్స్ ఆంప్లిఫయర్ మందగించి సిగ్నల్ గుండ్రబడిపోతుంది. మరీ తగ్గించొద్దు, 5 కిలో ఓమ్‌ల రిఫరెన్స్ రెసిస్టరుకు డేటాషీట్ చెప్పే కనీసం 75 పీకోఫారడ్.